సయ్యద్ అబ్దుల్ రహీం: జట్టును కట్టిన ఉపాధ్యాయుడు

ఆటగాని ఆటకు ఆయువు తక్కువ. కవి డెబ్బదియేండ్ల వయస్సులోను కావ్యము వ్రాయగలడు. గాయకుడు తల నెరసిన పిమ్మటను కచేరి చేయగలడు. ఫుట్‌బాలు ఆటగానికి మాత్రము నలువదియేండ్లు నిండకమునుపే కాళ్లు మాట వినుట మానును. అంతవరకు వేలకొలది జనము పేరుపెట్టి కేకవేసిన మనిషి అటుపిమ్మట ఏమి చేసి బ్రతుకవలెను? ఈ ప్రశ్న ప్రతి క్రీడాకారుని యెదుటను ఒకనాడు వచ్చి నిలుచును. దానికి అతడు చెప్పుకొను సమాధానమే అతని రెండవ జీవితము.

ఆ సమాధానము కొందరికి ధనరూపమున లభించినది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమునకు చెందిన లిండ్సే ఫాక్స్ అట్టివాడు. ఆ దేశపు పద్ధతి ఫుట్‌బాలులో సెయింట్ కిల్డా జట్టు పక్షమున 1959 నుండి 1961 వరకు ఆడినవాడు. అతడు 1956లోనే ఒక్క లారీతో రవాణా వ్యాపారము మొదలుపెట్టెను. ఆట విడిచిన తరువాత ఆ ఒక్క లారీ వందలై, వేలై, ఖండాంతరములకు పాకెను. యజమాని ఆ దేశపు మహా సంపన్నులలో ఒకడయ్యెను. మైదానములో నేర్చిన పట్టుదలను బాటమీదికి తెచ్చి కోట్లు గడించుట తప్పు కాదు, తక్కువయు కాదు.

ఆ 1956వ సంవత్సరము చివరనే, ఆ మెల్బోర్ను నగరములోనే, హైదరాబాదునుండి వచ్చిన మరియొక మాజీ ఆటగాడు ఒలింపిక్ క్రీడామైదానపు అంచున నిలిచి తన శిష్యుల ఆటను చూచుచుండెను. ఇతనికి లారీలు లేవు, కోట్లు లేవు. ఇతడు వృత్తిచేత బడిపంతులు. తన కాళ్లతో ఇక ఆడలేని ఆటను పదునొకండుగురి కాళ్లతో ఆడించుట నేర్చినవాడు. అతడే సయ్యద్ అబ్దుల్ రహీం. భారతదేశపు ఫుట్‌బాలు చరిత్రలో అతనిని మించిన శిక్షకుడు అతనికి పూర్వమును లేడు, తరువాతను పుట్టలేదు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. నిజాము ఏలుబడిలోని ఆ నగరమునకు ఫుట్‌బాలు క్రొత్తది కాదు. సికిందరాబాదు, బొల్లారము, తిరుమలగిరి దండు ప్రదేశములలో ఆంగ్ల సైనికులు సాయంకాలములందు ఆడుచుండిరి. ఆ ఆటను గట్టుమీద నిలిచి చూచిన పిల్లలు మరునాడు తమ వీధులలో ఆడుచుండిరి. ఆ గాలి సోకిన బాలురలో రహీం ఒకడు. ఉస్మానియాలో చదువుచు విశ్వవిద్యాలయపు జట్టులో ఆడెను. నగరమునందలి ఖమర్ క్లబ్బు వంటి జట్లలోను పేరు గడించెను.

అయినను ఆ కాలమున ఆట కూడు పెట్టునది కాదు. రహీం ఉపాధ్యాయవృత్తిని చేపట్టెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు బడులలో పాఠములు చెప్పెను. వ్యాయామవిద్యలో ప్రత్యేక శిక్షణ పొంది, పిల్లల ఆటలను తీర్చిదిద్దు బాధ్యతను తలకెత్తుకొనెను. తరగతి గదిలో నలువదిమంది బాలుర నడుమ నిలిచి, ఒక్కొక్కని బుద్ధి ఏ కొలతకు అందునో కనిపెట్టుట నేర్చినవానికి, మైదానములో పదునొకండుగురి శక్తిని తూచుట కష్టము కాలేదు. రహీం తరువాత ఎంతటి ప్రఖ్యాతి గడించినను, అతని పద్ధతి యంతయు ఆ బడిలో పుట్టినదే.

ఇతడు 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి అయ్యెను. అప్పటి మన ఆటగాండ్రలో ఒక లోపము బలముగా నాటుకొని యుండెను. బంతి కాలికి దొరికిన వెంటనే దానిని ఇటునటు త్రిప్పుచు, ఎదుటివారిని ఒక్కొక్కరినే బోల్తాకొట్టించి, ప్రేక్షకులచేత చప్పట్లు కొట్టించుకొనుటయే గొప్ప యని వారు తలంచుచుండిరి. తోటివాడు ఖాళీగా నిలిచియున్నను వానికి బంతిని అందించుట చిన్నతనముగా నుండెడిది. రెండవ లోపము, కుడికాలివాడు ఎడమకాలిని కేవలము నిలుచుటకే వాడుట.

ఈ లోపములను రహీం ఉపన్యాసములతో సరిదిద్ద పూనుకొనలేదు. పిల్లవానికి ఎక్కము రాకపోయినచో పంతులు తిట్టి ఊరకుండడు. ఎక్కము వచ్చుటకు తగిన లెక్కను ఇచ్చును. రహీం అదే చేసెను. బంతిని ఒంటరిగా త్రిప్పుకొని పోవుట నిషేధమను నియమముతో పోటీలు నడిపించెను. అందు గెలువదలచినవాడు బంతిని తోటివానికి అందింపక తప్పదు. బలము లేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో వేరు పోటీలు పెట్టెను. అందు కుడికాలి వీరులు మొదట నవ్వులపాలైరి. మైదానములో నవ్వులపాలైనవాడు ఇంటికి పోయి పెరటిగోడకు ఎడమకాలితో బంతిని తన్ని తన్ని అభ్యసించును. శిక్షకుడు కోరినది అదియే. కొన్నియేండ్లలో హైదరాబాదు ఆటగాండ్ర తీరు మారెను. బంతి కాలియొద్ద నిలువక, తాకినంతనే మరియొకనికి చేరుట వారి ఆటకు గుర్తు అయ్యెను.

ఆ విద్యకు మొదటి పంట హైదరాబాదు నగర పోలీసు జట్టులో పండెను. 1950 నాటికి రహీం ఆ జట్టునకు శిక్షకుడు. ఆ సంవత్సరమే ఆ జట్టు కలకత్తా మోహన్ బగానును ఓడించి డ్యురాండ్ కప్పును గెలిచెను. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు ఇతరుల చేతికి పోనీయలేదు. అప్పటివరకు ఫుట్‌బాలు అనగా కలకత్తా అని దేశమంతయు అనుకొనుచుండెను. పగలు లాఠీ పట్టి, సాయంకాలము బంతి తన్ను పోలీసులు దక్షిణాపథమునుండి వచ్చి ఆ నమ్మకమును తలక్రిందులు చేసిరి.

రాష్ట్రమునకు పేరు తెచ్చిన పంతులును దేశము పిలిచెను. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. భారత జట్టునకు శైలేన్ మన్నా నాయకుడు, రహీం శిక్షకుడు. కడపటి ఆటలో ఇరానుపై సాహు మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో భారతదేశము స్వర్ణపతకము గెలిచెను. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లు నిండని దేశమునకు అది చిన్న సంతోషము కాదు.

కాని లోకము చాల పెద్దదని మరుసటి సంవత్సరమే తెలిసివచ్చెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిని 10-1 గోళ్ల తేడాతో ఓడించెను. అది చలిదేశము, మైదానము జారుడునేల. మన ఆటగాండ్రు పెక్కుమంది బూట్లు లేక ఉత్తకాళ్లతో ఆడిరి. మన ఎండనేలపై వట్టికాలికి గల నేర్పు ఆ తడిగడ్డిపై పనికిరాలేదు. ఆ పరాభవము తరువాత మన ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి అయినవి.

ఓటమిని చూచి సిగ్గుపడి ఊరకుండువారు కలరు. దానిని పాఠ్యపుస్తకముగా చదువువారు కలరు. రహీం రెండవ తెగవాడు. అప్పుడు ఐరోపాలో హంగరీ దేశపు జట్టు క్రొత్త విద్య చూపుచుండెను. 1953 నవంబరులో ఆ జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6-3 గోళ్లతో ఓడించినప్పుడు, ముందువరుస నడుమ నిలువవలసిన ఆటగాడు వెనుకకు జరిగి ఆడుట చూచి ఆంగ్లేయులు దిక్కుతోచక నిలిచిరి. రహీం ఆ కిటుకును గ్రహించి మన ఆటగాండ్ర శరీరములకు, వేగమునకు తగినట్లు మలచెను. ఎవడు ఎక్కడ నిలువవలెను, ఎవడు ఎప్పుడు వెనుకకు రావలెను అనునది ముందుగానే నిర్ణయించి, దానిని అలవాటు అగువరకు సాధన చేయించెను. 1958లో స్వీడనులో బ్రెజిలు జట్టు లోకప్రసిద్ధము చేసిన 4-2-4 వ్యూహము దిక్కునకు మన ఆటను అంతకుముందే మరల్చిన ఘనతను క్రీడాచరిత్రకారులు ఇతనికే ఇచ్చుచున్నారు.

ఆ సాధనకు ఫలము 1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో కనబడెను. మొదట తలపడవలసిన హంగరీ జట్టు పోటీలనుండి విరమించుకొనెను. తరువాత భారతదేశము ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4-2 గోళ్లతో ఓడించెను. ఆ ఆటలో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అక్కడ ఎదురైనది మరల యుగోస్లావియా. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు తిన్న జట్టు ఈసారి తానే మొదటి గోలు కొట్టెను. కడకు 4-1 తేడాతో ఓడినను, హెల్సింకి నాటి జట్టునకు, మెల్బోర్ను నాటి జట్టునకు గల దూరమును లోకము చూచెను. మూడవస్థానము కొరకు జరిగిన ఆటలో బల్గేరియాతో ఓడి, భారతదేశము నాలుగవ స్థానమున నిలిచెను. ఆ స్థానమును మనము మరల అందుకొనలేదు.

ఆ కాలముననే మన నేలమీద ఒక మహానిర్మాణము మొదలయ్యెను. 1955 డిసెంబరు 10వ తేదీన నల్లగొండ జిల్లా నందికొండ వద్ద కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. రాతికట్టు ఆనకట్టలలో లోకమున మిక్కిలి పెద్దదిగా ప్రసిద్ధికెక్కిన ఆ కట్టడము వేలాది కూలీల చేతులమీదుగా రాయి తరువాత రాయిగా పైకి లేచెను. ఎచ్చటి రాయి అచ్చట కుదురవలెను. రెండు రాళ్ల నడుమ సందు మిగులరాదు. రహీం జట్టు కట్టిన తీరును అర్థము చేసికొనగోరు విద్యార్థికి ఇంతకంటె మంచి పోలిక దొరకదు. అతడు మెరుగుపెట్టిన రాళ్లను కొని తెచ్చుకొనలేదు. గుట్టలలో పడియున్న రాళ్లను తానే వెదకి తెచ్చుకొనెను.

అట్లు దొరికిన రాళ్లలో తులసీదాస్ బలరాం ఒకడు. సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడ గ్రామపు పేదయింటి పిల్లవాడు. వీధిలోను, దండు మైదానములలోను ఆడుచుండిన ఆ బాలుని రహీం కన్ను పట్టెను. సాధనకు నగరములోనికి రమ్మని పిలువగా, వచ్చుటకు దారిఖర్చు లేదని తెలిసెను. అద్దెసైకిలునకు డబ్బులు రహీమే ఇచ్చి పిలిపించుకొనెనని బలరాం వృద్ధాప్యములోను తలచుకొనుచుండెను. ఆ అద్దెసైకిలుమీద వచ్చిన పిల్లవాడు 1956లో మెల్బోర్ను జట్టులో ఉండెను. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో హంగరీపైనను, పెరూపైనను గోళ్లు కొట్టెను. ఎత్తైన గోలురక్షకుడు పీటర్ తంగరాజు, అలుపెరుగని యూసుఫ్ ఖాన్ మొదలగువారును హైదరాబాదు మైదానములలో పెరిగి దేశమునకు ఆడినవారే. 1956, 1957 సంవత్సరములలో రహీం శిక్షణలో హైదరాబాదు జట్టు వరుసగా సంతోష్ ట్రోఫీని గెలిచెను.

రోము క్రీడలకు పోయిన జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఉండెను. కాని అక్కడ జరిగిన మూడు ఆటలలో ఒక్కదానియందును అతడు మైదానములో దిగలేదు. శిక్షకుడు తండ్రియైనను, తుదిజట్టులో చోటు బంధుత్వముచేత దొరకలేదు. ఆ క్రీడలలో మనవారు హంగరీతో 2-1 గోళ్ల తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1-1 గోళ్లతో సమముగా నిలిచి, పెరూతో 3-1 తేడాతో ఓడిరి. ఓడినను ఎవరిముందును తలవంచుకొనవలసిన ఆట కాదది.

ఇక కడపటి అధ్యాయము. 1962 నాటికి రహీం శరీరములో క్యాన్సరు ప్రవేశించియుండెను. ఆ వ్యాధి సంగతిని లోకమునకు చాటక, అతడు జట్టుతోపాటు ఇండొనేషియా రాజధాని జకార్తాకు బయలుదేరెను. అక్కడ నాల్గవ ఆసియా క్రీడలు జరుగుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0 తేడాతో ఓడించెను. తరువాత థాయిలాండును 4-1 తేడాతోను, జపానును 2-0 తేడాతోను ఓడించి మనవారు నిలద్రొక్కుకొనిరి. కాని థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుకవరుసకు పెట్టనికోటవంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి.

ఇచ్చట రహీం పంతులుతనము మరల కనబడెను. గాయపడినవానిని వెనుకవరుసలో నిలిపినచో తలతో బంతిని అడ్డుకొనుట ప్రమాదము. ఇంట కూర్చుండబెట్టినచో జట్టు గుండె జారును. అందుచేత రహీం జర్నైల్ సింగును సెమీఫైనలులో ముందువరుసకు మార్చి గోళ్లు కొట్టు పని అప్పగించెను. ఆ బలిష్ఠుడు కట్టుకట్టిన తలతో దక్షిణ వియత్నాముపై ఒక గోలు కొట్టెను. జట్టు 3-2 గోళ్లతో గెలిచెను. గట్టివాడు ఏ తరగతిలోనైనను గట్టివాడే యని ఎరిగిన ఉపాధ్యాయుడు మాత్రమే చేయగల మార్పు అది.

తుది ఆట సెప్టెంబరు 4వ తేదీన, మొదట తమ్మును ఓడించిన దక్షిణ కొరియాతోనే. అప్పటికి జకార్తాలో గాలి మారియుండెను. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఇండొనేషియా ప్రవేశము నిరాకరింపగా, ఆసియా క్రీడల సంఘములోని భారతీయుడు జి.డి. సోంధి ఆక్షేపించెను. ఆ కోపము భారతీయులందరిమీదికి మళ్లెను. అల్లరిమూకలు భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. మన ఆటగాండ్రు బస్సుపైనుండి జాతీయపతాకమును తీసివేసి మైదానమునకు పోవలసివచ్చెను. లక్షమంది ప్రేక్షకులతో నిండిన ఆ మైదానములో మన జాతీయగీతము ఆలపించుచుండగా గేలికేకలు మిన్నుముట్టినవి. ఆ గోలలో మనవారికి చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రు ఉండుట చరిత్రలో నిలిచిన విచిత్రము.

ఆ ముందురాత్రి రహీం తన ఆటగాండ్రను దగ్గరకు పిలిచి ఒక్క కోరిక కోరెను. మరునాడు స్వర్ణపతకమును తనకు కానుకగా ఇమ్మనెను. వ్యాధిగ్రస్తుడైన గురువు శిష్యులను అడిగిన గురుదక్షిణ అదియే. 17వ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీ మొదటి గోలు కొట్టెను. మూడు నిమిషములకే జర్నైల్ సింగు రెండవది కొట్టెను. ఆట ముగియవచ్చుచుండగా కొరియావారు ఒక గోలు తిరిగి కొట్టిరి. అంతకుమించి వారికి సాధ్యము కాలేదు. చునీ గోస్వామి నాయకత్వమున భారతదేశము 2-1 గోళ్లతో స్వర్ణపతకము గెలిచెను. గేలిచేసిన మైదానములోనే మన పతాకము పైకెగిరెను.

ఆ విజయము తరువాత రహీం తొమ్మిది నెలలే జీవించెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, ఏబదినాలుగేండ్లు నిండకయే, కన్నుమూసెను. అతడు విడిచిపోయిన ఆస్తి మైదానములలో ఉండెను. 1970లో బాంగ్‌కాక్ ఆసియా క్రీడలలో భారతదేశము కాంస్యపతకము గెలిచినప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. శిక్షకులలో ఒకడు రహీం శిష్యుడైన ప్రదీప్ కుమార్ బెనర్జీ. విత్తు నాటినవాడు పోయినను చెట్టు కొంతకాలము కాపు కాచెను.

కొంతకాలము మాత్రమే. రోము తరువాత భారత ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్ క్రీడలలో అడుగుపెట్టలేదు. జకార్తా తరువాత ఆసియా క్రీడలలో స్వర్ణము తేలేదు. ఒకప్పుడు దేశపు జట్టులో సగము ఆటగాండ్రను ఇచ్చిన హైదరాబాదు పేరు క్రమముగా ఆ ఆటలో వినబడుట తగ్గెను. రహీం పేరు కూడ చాలకాలము మరుగున పడి, 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చిన పిమ్మటనే క్రొత్తతరము చెవిని పడెను.

ఈ క్షీణతకు కారణములు పలువురు పలువిధములుగా చెప్పుదురు. కాని నందికొండ పోలికను మరల తలచుకొన్నచో ఒక సంగతి స్పష్టమగును. రహీం కన్నుమూయునాటికి నాగార్జునసాగరపు రాతిగోడ ఇంకను లేచుచునే యుండెను. ఆ పనిలో ప్రాణములు విడిచిన కూలీలు ఉండిరి. మధ్యలో మారిపోయిన మేస్త్రీలు ఉండిరి. అయినను పని ఆగలేదు. చేయి మారినను కట్టుబడి మారకుండునట్లు పటము ముందే గీయబడియుండెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. నల్లగొండ మెట్టభూములలో పచ్చదనము మొలిచెను. ఫుట్‌బాలునందు మనకు గొప్ప మేస్త్రీ దొరికెను గాని, అతని తరువాత మరియొకరు అందుకొనుటకు పటము గీయబడలేదు. రహీం తలలో నున్న విద్య పెక్కుపాలు రహీముతోనే పోయెను.

లారీ యజమాని తన వ్యాపారమును బిడ్డలకు వ్రాసి ఇయ్యవచ్చును. ఉపాధ్యాయుని సంపద అట్లు వ్రాసి ఇయ్యదగినది కాదు. శిష్యుడు మరల గురువైనప్పుడే అది నిలుచును. ఒక పాఠశాల ఆవరణలో ఒక సాయంకాలము, ఎడమకాలితోనే బంతిని తన్నవలెనను నియమము పెట్టి ఒక మాస్టరు పిల్లలను ఆడించినచో, రహీం సంపదలో ఒక పాలు ఆ పిల్లలకు ముట్టినట్లే. దానికి కావలసిన పెట్టుబడి ఒక బంతి, కొంత ఖాళీస్థలము, ఓటమిని చూచి నవ్వక దానిని సరిదిద్దు ఓర్పు. అద్దెసైకిలునకు డబ్బులు లేక బడిబయట నిలిచిన బలరాములు నేటికిని పల్లెలలో కలరు.